నానమ్మ ఏరుకొచ్చిన పుట్టగొడుగులు
(‘పెరటి నిప్పు’ సీరియల్, తొమ్మిదో భాగం)

కిందటి వారం నన్ను వదిలిపెట్టిన చోటే ఉన్నాను, మా వంటింటి అలమర ముందు, చేతిలో ఖాళీ పచ్చడి గిన్నెతో.

ఇప్పుడే చేరినవాళ్ళ కోసం గబగబా చెప్పేస్తాను. నేను జువాని. సెయింట్ పాల్ నగరంలో తూర్పు వైపు మా వీధి. మాకూ, పక్కింటి అర్లిస్ గారికీ మధ్య ఒక చెక్క కంచె, ఆ కంచె మీద పదకొండేళ్ళ మౌనం. మా నానమ్మ కోళ్ళ మీద ఆవిడ నగరపాలక ఆఫీసుకి ఫిర్యాదు చేసిన రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ప్రతి జూలైలోనూ అర్లిస్ గారి పెరట్లో వీధి మొత్తానికి నిప్పుల మీద వంట జరుగుతుంది. బర్గర్లు, సాసేజ్‌లు, మూడు రంగుల జెల్లీ, అంతే. ఈసారి ఎవరి దేశం వంట వాళ్ళు నిప్పు మీద పెట్టాలని ఇంటింటికీ తిరిగి గోల చేసింది నేనే. సముద్రాల అవతలి కొండల నుంచి ఇక్కడికి వలసొచ్చిన మా హ్మాంగ్ వాళ్ళ వంట నానమ్మ చేతే చేయించాలని పట్టుబట్టిందీ నేనే. అర్లిస్ గారు ఏమనుకున్నారో ఏమో, కంచెకి ఒక చిన్న తలుపు పెట్టించారు. ఈ శనివారం ఆ తలుపు తెరుచుకుంది. రెండు పెరళ్ళూ ఒకటయ్యాయి. ఒంటిగంటకి నానమ్మ మొదటి అరటాకు పొట్లం రెండు చేతులతో అందించింది, అర్లిస్ గారు రెండు చేతులతో అందుకున్నారు, వీధంతా చప్పట్లు. ఆవిడ ఎక్కడో నీడలో కూర్చుని తిని, ఖాళీ ప్లేటు తెచ్చి "చాలా వేరుగా ఉందమ్మా" అన్నారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

నాలుగున్నరకి పచ్చడి అయిపోయిందని లోపలికొచ్చి అలమర తీశాను. పొట్లాల్లోకని నేను కొనిచ్చిన పుట్టగొడుగుల డబ్బాలు నాలుగూ అక్కడే ఉన్నాయి. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

మరి పొట్లాల్లో ఉన్నవి ఎక్కడివి?

సింకు పక్కన చిన్న బేసిన్ ఉంది. దాని మీద కప్పిన ప్లేటు తీశాను. లోపల ఇంకో మూడు మిగిలాయి. తెల్లగా, నున్నగా, చిన్న కోడిగుడ్లలా. ఒకటి మాత్రం విచ్చుకుంది. దాని కాడ అడుగున తెల్లటి పొరలాంటి సంచి ఉంది.

కిటికీలోంచి పిలిచాను. "నానమ్మా, ఒక్కసారి లోపలికి రా."

"బొగ్గులు ఆరిపోతాయే."

"ఆరిపోనీ. రా."

నానమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొత్త సంవత్సరానికి తప్ప పెట్టెలోంచి తియ్యని వెండి హారం ఇవాళ మెడలో ఉంది. దానికి వేలాడే నాణేలు, మా వెనకటి దేశాన్ని ఫ్రెంచివాళ్ళు ఏలిన కాలం నాటివి, అడుగడుక్కీ గలగలమంటున్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి మొహంలో పెళ్ళికూతురి కళ.

"ఈ డబ్బాలు తియ్యలేదేం?" అన్నాను.

"ఆ డబ్బా సరుకా? రబ్బరు నమిలినట్టుంటుంది. పదకొండేళ్ళకి ఆ మనిషి నా చేతి ముద్ద తింటానంటే, డబ్బాలోది తీసి పెడతానా?"

"మరి ఇవి?"

నానమ్మ నవ్వింది. ఆ నవ్వు నేను ఫొటోల్లో కూడా చూడలేదు. "నువ్వే కదే అన్నావు, మన ఊరి రుచి తగలాలి నానమ్మా అని. మూడ్రోజులు వాన పడిందా. నిన్న సాయంత్రం చెరువు అవతల ఓక్ చెట్ల కింద నడుస్తుంటే కనబడ్డాయి. నేలలోంచి గుడ్లు తోసుకొచ్చినట్టు. మా ఊళ్ళో వరిగడ్డి వాముల పక్కన అచ్చం ఇలాగే వచ్చేవి. నలభై అయిదేళ్ళయింది నేను వాటిని చూసి. అక్కడే చతికిలబడి ఏడ్చాననుకో."

నేను బేసిన్ మీద ప్లేటు మళ్ళీ కప్పేశాను.

ఎందుకంటే నేను పని చేసేది మా పేట లైబ్రరీలో. ప్రతి వేసవిలోనూ నోటీసు బోర్డు మీద ఒక పసుప్పచ్చ కాగితం అంటిస్తాం. మా భాషలో కూడా ఉంటుంది. దాని మీద పక్కపక్కనే రెండు బొమ్మలు, రెండూ గుడ్లే. ఒకటి మా వాళ్ళు వెనకటి దేశంలో తిన్నది. రెండోది ఇక్కడి అడవుల్లో మొలిచేది. రెండో దాని కింద ‘కాలేయాన్ని చంపేస్తుంది’ అని ఉంటుంది. మూడేళ్ళుగా ఆ కాగితం నేనే అంటిస్తున్నాను. మా ఇంట్లో మాత్రం ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నానమ్మకి చదవడం రాదు, ఆవిడ లైబ్రరీకి రాదు, నాకు తట్టలేదు. అంతే.

"నానమ్మా, ఇవి అవి కావేమో."

"పిచ్చిదానా, పరీక్ష పెట్టకుండా వండుతానా?" మెడలో ఒక నాణెం పట్టుకుని నా మొహం ముందు ఆడించింది. "ఇది వేసి ఉడకబెట్టాను. నల్లబడిందా? చూడు. గుప్పెడు బియ్యం కూడా వేశాను. ఎర్రబడలేదు. మా అమ్మ నాకు నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది. ఇంకా చెప్పనా, పొద్దున ఎనిమిదింటికి నేనే గిన్నెడు తిన్నాను. చచ్చానా?"

నాణెం తళతళలాడుతోంది. ఆ పసుప్పచ్చ కాగితం మీద మూడో వరుసలో ఉండేది సరిగ్గా ఈ సంగతే. వెండి నల్లబడకపోతే మంచిదని నమ్మకండి. బియ్యం రంగు చూసి నమ్మకండి. నాలుగో వరుస కూడా గుర్తొచ్చింది. తిన్నాక ఆరు గంటల దాకా, ఒక్కోసారి పన్నెండు గంటల దాకా ఏమీ తెలియదు.

గడియారం చూశాను. ఎనిమిది నుంచి నాలుగున్నర. ఎనిమిదిన్నర గంటలు.

"ఏమైందే, అలా పాలిపోయావు?"

"నానమ్మా, కడుపులో ఎలా ఉంది నీకు?"

"ఆకలిగా ఉంది. అందరికీ పెట్టడంతోనే సరిపోయింది."

నేను హోదన్ అక్కని పిలిచాను. హోదన్ అక్క ఎదురింటి సోమాలియా ఆవిడ, పెద్దాసుపత్రిలో నర్సు. మేక మాంసం ముక్కల మీద నిమ్మకాయ పిండుతున్నది పిండుతున్నట్టే వచ్చేసింది. బేసిన్‌లోకి చూసింది. ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"ఎవరు తిన్నారు?" అంది.

"ముందు ఇవేంటో..."

"జువా. ఎవరు తిన్నారు?"

ఫోన్ తీసి విషాల హెల్ప్‌లైన్‌కి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల ఒకతను, గొంతులో తొందర లేదు. ఆ తొందర లేకపోవడానికే నాకు ఇంకా భయమేసింది. కాడ అడుగున సంచి ఉందా, ఉంది. కాడకి ఉంగరంలాంటి అంచు ఉందా, ఉంది. గొడుగు కింద రేకులు ఏ రంగు, తెలుపు.

"గొడుగు విచ్చుకున్నది ఎక్కడైనా బోర్లించి ఉంచారా? కింద పొడి రాలి ఉంటుంది. దాని రంగు కావాలి."

నానమ్మని అడిగాను. వరండాలో కుర్చీ మీద చూడమంది. రాత్రంతా అక్కడ, తను కుడుతున్న నీలిమందు గుడ్డ మీద ఆరబెట్టిందట. వెళ్ళి ఆ గుడ్డ తెచ్చాను. ముదురు నీలం, దాదాపు నలుపు. మూల ఎర్ర దారంతో నత్త గుల్లల ముగ్గు సగం కుట్టి ఉంది. మధ్యలో గుండ్రంగా, చక్రం ఆకుల్లా, సన్నటి గీతల్లో పొడి. తెల్లటి పొడి. పిండి జల్లినట్టు.

"తెలుపు," అన్నాను ఫోన్‌కి.

అవతల అతను ఏదో టైపు చేస్తున్న చప్పుడు వినబడింది.

కానీ నేను చూస్తున్నది నానమ్మని. ఆవిడకి ఇంగ్లీషు అర్థం కాదు, ఫోన్‌లో ఏమన్నారో తెలియదు. గుడ్డని చూసింది. వేలితో ఆ పొడి తాకి, వేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. ఆవిడ మొహంలో నవ్వు అక్కడే ఉంది, కానీ దాని వెనక మనిషి లేదు.

"మా అమ్మ చాప మీద ఆరబెట్టేది," అంది మెల్లిగా. "చాప మీద ఇటుక పొడి రాలినట్టు ఉండేది. ఎర్రగా. చీపురుతో ఊడిస్తే చీపురు ఎర్రబడేది." మళ్ళీ వేలు చూసుకుంది. "ఇది తెల్లగా ఉందేమిటే?"

నేనేం చెప్పనక్కర్లేకపోయింది.

ఫోన్‌లో అతను చెప్పుకుపోతున్నాడు. తిన్నవాళ్ళు ఎవరైనా సరే, ఎంత కొంచెమైనా సరే, బాగున్నామన్నా సరే, ఇప్పుడే ఆసుపత్రికి. నొప్పి మొదలయ్యేదాకా ఆగద్దు. ముందు వెళ్ళినవాళ్ళకి దారి ఉంటుంది. మధ్యలో తగ్గిపోయినట్టు అనిపిస్తుంది, దాన్ని నమ్మద్దు. అంబులెన్స్ పంపిస్తున్నాను.

"ఎన్ని పొట్లాలు?" అంది హోదన్ అక్క.

ఇది నాకు తెలుసు. పిల్లలు పుట్టగొడుగులు తినరని నానమ్మ చాలామటుకు పొట్లాలు ఒట్టి పంది మాంసం, నిమ్మగడ్డితో కట్టింది, వాటికి తెల్ల దారం. పుట్టగొడుగులు వేసినవి పెద్దవాళ్ళ కోసం. నాలుగే నాలుగు. వాటికి ఎర్ర దారం.

"రెండు ఇంకా గ్రిల్ అంచున ఉన్నాయి," అంది నానమ్మ. "ఒకటి ఆవిడకిచ్చాను. ఒకటి బల్ల మీద పెట్టాను, అందరూ రుచి చూస్తారని."

హోదన్ అక్క తలుపు వైపు నడిచింది. "పద, చెప్పేద్దాం."

నానమ్మ నా మణికట్టు పట్టుకుంది. కుట్టుపని చేసిన వేళ్ళు, ఇనుములా ఉంటాయి.

"చెప్పకే."

"నానమ్మా..."

"ముందు నేను ఆసుపత్రికి పోతాను. నాకు చూడనీ. నాది నిజంగా విషమైతే అప్పుడు చెప్పు. కాకపోతే? ఊరికే చెప్పి పరువు తీసుకుంటావా? పదకొండేళ్ళు కోళ్ళ వాసన వాసన అన్నారు. ఇవాళ మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నారు. ఇవాళే ముసల్ది విషం పెట్టిందని చెప్తావా? ఇంక ఈ వీధిలో నేను గుమ్మం దాటగలనా? మీ అమ్మానాన్న అంగడిలో కూరగాయలు ఎవరు కొంటారు?"

అమ్మానాన్న అప్పటికి ఊరి మధ్య శనివారం అంగడిలో దోసకాయలూ, కొత్తిమీరా అమ్ముకుంటున్నారు. వాళ్ళకి ఏమీ తెలియదు.

"ఆగితే మనుషులు పోతారు నానమ్మా."

"నాణెం నల్లబడలేదు." ఇప్పుడు నాణేన్ని గుప్పిట్లో బిగించి, దాన్నే బతిమాలుతున్నట్టు మాట్లాడింది. "మా అమ్మ అబద్ధం చెప్పదు."

"మీ అమ్మ చెప్పింది ఆ ఊరి పుట్టగొడుగుల సంగతి. ఇది ఆ ఊరు కాదు."

అనేశాక గానీ ఎంత మాటన్నానో తెలియలేదు. నానమ్మ నా చెయ్యి వదిలేసింది. గోడ పక్కన పీట మీద కూర్చుంది. "వెళ్ళు అయితే," అంది. "నువ్వే చెప్పు. నాకు వాళ్ళ భాష రాదు కదా."

నేను బయటికి పరిగెత్తాను.

బయట ఎండ అలాగే ఉంది, అది నాకు అన్యాయంగా అనిపించింది. పాతికమంది దాకా ఉన్నారు. మొక్కజొన్న కంకుల మీద మూల ఇంటివాళ్ళు కారం, జున్నుపొడి జల్లుతున్నారు, ఎవరో గిటార్ తీశారు. గ్రిల్ అంచున ఎర్ర దారం పొట్లాలు రెండూ భద్రంగా ఉన్నాయి. పట్టకారుతో తీసి బకెట్‌లో పడేశాను. తరవాత బల్ల దగ్గరికెళ్ళి నాలుగోదాన్ని చూశాను. అక్కడ నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మా రాష్ట్రంలో చివరి ముక్క ఎవరూ తినరు. అది మర్యాద కాదు. చివరి ముక్కలో సగం కోసుకుంటారు. తరవాత వచ్చినవాళ్ళు ఆ సగంలో సగం. తరవాత ఇంకొకళ్ళు ఆ పావులో సగం. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆఫీసులో కేకు గోరంత మిగిలి మూడు రోజులుంటుంది. ఇప్పుడు ఆ అరటాకు మీద, ఎర్ర దారం పక్కన, వేలిగోరంత ముక్క ఒకటి మిగిలింది. చుట్టూ ప్లాస్టిక్ కత్తులు. తెల్లవి మూడు, పచ్చది ఒకటి. ఎవరు కోశారు, ఎవరు తిన్నారు, దేవుడికే తెలియాలి.

బెంచీ ఎక్కాను. "దయచేసి అందరూ తినడం ఆపండి," అన్నాను. గిటార్ ఆగింది. నేను చెప్పాను. పుట్టగొడుగులు అన్నాను, పొరపాటు అన్నాను, మా నానమ్మకి తెలియదు అన్నాను, ఎర్ర దారం కట్టిన పొట్లంలోంచి ఎవరు తిన్నారో చెయ్యెత్తండి అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు.

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. పాతికమందిలో ఒక్కరూ తినకపోతే ఆ ముక్క గోరంత ఎలా అయింది? నాకు అర్థమైంది. చివరి ముక్క దగ్గరికి వెళ్ళామని ఒప్పుకోవడం వాళ్ళకి సిగ్గు. పైగా చెయ్యెత్తితే మా నానమ్మని తప్పుపట్టినట్టవుతుందని మొహమాటం. ఆ మొహమాటంతో చచ్చిపోయేట్టున్నారు.

హోదన్ అక్క నా పక్కన బెంచీ ఎక్కింది. "నేను రాత్రి డ్యూటీలో ఉంటాను," అంది, పెద్దగా కాదు, అందరికీ వినబడేలా. "కాలేయం పోయినవాళ్ళు ఎలా ఉంటారో చూశాను. మొదట వాంతులు, తరవాత ఒక రోజు హాయిగా ఉంటుంది, లేచి కూర్చుని టీ అడుగుతారు. ఆ తరవాత పసుపు. ఎవరి పేరూ అడగను. ఎవర్నీ తిట్టను. ఆ ముక్కలోంచి రవ్వంతైనా నోట్లో వేసుకున్నవాళ్ళు వచ్చి ఆ మేపుల్ చెట్టు కింద నిలబడండి. నేను అటు తిరుగుతాను."

నిజంగానే అటు తిరిగింది.

పోస్టాఫీసులో పని చేసి రిటైరైన డార్విన్ గారు ముందు కదిలారు. "నేను బఠాణీ గింజంతే," అని గొణుక్కుంటూ వెళ్ళారు. తరవాత ఆయన భార్య. "నేను నా కత్తి కొనకి అంటుకున్నంతే," అంది. "అది లెక్కకొస్తుందా?" వస్తుందన్నాను. తరవాత గిటార్ అబ్బాయి. ముగ్గురు.

ముగ్గురు, నాలుగు కత్తులు.

"ఇంకొకళ్ళున్నారు," అన్నాను. "ఇంకొకళ్ళు రావాలి. దయచేసి. పచ్చ కత్తి ఎవరిది?"

ఎవరూ కదల్లేదు. నేను ఒక్కొక్కరి చేతుల వైపే చూస్తున్నాను. తెల్ల ఫోర్కులు, తెల్ల చెంచాలు, పొద్దున నేను కొట్లో కొన్నవే. పచ్చవి మాత్రం పోయిన పుట్టినరోజుకి మిగిలినవి, వంటింటి సొరుగులో ఉన్నవి. సొరుగులోంచి పొద్దున ఒకటి తీసి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను, దారాలు కొయ్యడానికి. చెయ్యి ఏప్రన్ జేబులోకి వెళ్ళింది.

జేబు ఖాళీగా ఉంది.

మూడింటికి అనుకుంటా. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, బల్ల మీద ఇంత ముక్క కనబడితే, అందులో సగం కోసి నోట్లో వేసుకున్నాను. అలవాటు. ఎంత రుచిగా ఉందో కూడా గుర్తొచ్చింది. నాలుక మీద ఆ రుచి ఇంకా ఉన్నట్టే అనిపించి, నోరు తుడుచుకున్నాను, మళ్ళీ తుడుచుకున్నాను.

బెంచీ దిగి వెళ్ళి మేపుల్ చెట్టు కింద నిలబడ్డాను. డార్విన్ గారు కాస్త జరిగి చోటిచ్చారు.

"నువ్వు కూడానా అమ్మా?" అన్నారు.

హోదన్ అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. తిట్టను అంది కదా, తిట్టలేదు.

అంబులెన్స్ కూత దూరంగా వినబడింది. అప్పుడు వంటింట్లో ఏదో పడిన చప్పుడు. పరిగెత్తాను. నానమ్మ సింకు అంచు పట్టుకుని వంగి ఉంది. పీట తిరగబడి ఉంది. నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలిచింది.

"ఏం లేదే," అంది. "కొంచెం తిప్పుతోంది. ఎండకి."

తరవాత వాంతి చేసుకుంది. వెండి హారం మెడలో ఊగి సింకుకి తగిలి మోగింది. నేను జుట్టు పట్టుకున్నాను. ఆవిడ ఊపిరి తీసుకునే సందులో, "ఆవిడకి ఎలా ఉందే?" అంది. "ఆవిడ మొత్తం తినేసింది కదా. పొట్లం మొత్తం. నేనే తినమన్నాను. ముందు ఆవిడని ఎక్కించమను."

అర్లిస్ గారు. అటూ ఇటూ పరిగెడుతూ ఆవిడని మర్చిపోయాను. చెట్టు కిందకి ఆవిడ రాలేదు.

స్ట్రెచర్ వచ్చింది. నానమ్మ దాని మీద పడుకోనంటుంది, ముందు పక్కింటావిడ అంటుంది, నేను తర్జుమా చేస్తున్నాను, ఇద్దరు మనుషులు కలిసి ఎత్తి పడుకోబెట్టారు. హోదన్ అక్క నానమ్మ పక్కన ఎక్కింది. మిగతా ముగ్గుర్నీ కార్లో ఎక్కిస్తున్నారు. "నువ్వు కూడా ఎక్కు," అంది అక్క. "ఒక్క నిమిషం," అని నేను కంచె తలుపు వైపు పరిగెత్తాను.

అర్లిస్ గారు ఆ తలుపు పక్కనే, తన వైపు నిలబడి ఉన్నారు. చేతిసంచి గుండెలకి హత్తుకుని. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లలా.

"అర్లిస్ గారూ, రండి. మీరు మొత్తం తిన్నారు. అంబులెన్స్ ఆపాను."

"నాకేం పర్లేదమ్మా. మీ నానమ్మని తీసుకెళ్ళు."

"అలా అనకండి. ఒంటిగంటకి తిన్నారు, ఏడింటికల్లా మొదలవుతుంది. బతిమాలుతున్నాను."

ఆవిడ నేల చూశారు. "నేను తినలేదు."

"ఏంటీ?"

"పుట్టగొడుగులు నాకు పడవు. చిన్నప్పటి నుంచీ. ఆవిడ రెండు చేతులతో ఇచ్చింది, అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఎలా చెప్పను? నీడలోకి వెళ్ళి సంచిలో పెట్టేసుకున్నాను. ఖాళీ ప్లేటు తెచ్చిచ్చాను." గొంతు తగ్గించారు. "ఆవిడకి చెప్పకమ్మా. నొచ్చుకుంటుంది."

‘వేరుగా ఉంది’ అన్నారు కదా. ఇక్కడివాళ్ళు ఎవరైనా ఆ మాట అన్నారంటే నచ్చలేదని అర్థం. నాకు తెలియాల్సింది. నేను కంచె పట్టుకుని నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ తినలేదు. నానమ్మ ఆవిడని చంపలేదు. ఈ ఒక్క మాట అంబులెన్స్‌లోకి అరిచి చెప్పాలి.

"ఇలా ఇవ్వండి ఆ పొట్లం. ఆసుపత్రివాళ్ళకి కావాలి."

అర్లిస్ గారు సంచి తియ్యలేదు.

"నా దగ్గర లేదమ్మా," అన్నారు. "కేరిన్‌కి ఇచ్చాను."

కేరిన్ ఆవిడ కూతురు. రెండింటికి అందర్నీ కౌగిలించుకుని, కారెక్కి, ఉత్తరాన ఏదో కేబిన్‌కని ఒక్కర్తే వెళ్ళింది. నేనే చెయ్యి ఊపాను.

"దానికి ఇలాంటివన్నీ ఇష్టం. పారెయ్యడమెందుకని..." తినలేదని దొరికిపోతానన్న సిగ్గులో కూతురి సంగతి తట్టనేలేదు, ఇప్పుడే అర్థమవుతోంది ఆవిడకి. నా కళ్ళ ముందే అర్థమవుతోంది. సంచిలోంచి ఫోన్ తీశారు, నేను తీసుకుని కలిపాను. అందుబాటులో లేదు. మళ్ళీ కలిపాను. అందుబాటులో లేదు.

తెర మీద ఒక సందేశం ఉంది, ఎప్పుడో వచ్చింది, ఈ గోలలో ఆవిడ చూసుకోలేదు. తెరిచాను.

ఫొటో. కారు సీటు మీద పరిచిన అరటాకు. తుడిచినట్టు ఖాళీ. దాని మీద ఒక ఎర్ర దారం, వేలికి చుట్టి తీసినట్టు రింగులా పడి ఉంది. కింద, ‘అమ్మా, ఇంత రుచైనది నా జన్మలో తినలేదు. పక్కింటి మామ్మకి థాంక్స్ చెప్పు. ఇంక సిగ్నల్ ఉండదు, సోమవారం మాట్లాడతా.’ మూడింటికి పది నిమిషాల ముందు పంపింది.

రెండూ యాభై. దానికి ఆరు గంటలు కలిపితే తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. ఇప్పుడు అయిదూ పది.

"కేబిన్ ఎక్కడ? పోలీసులకి చెప్దాం, గంటలో వెళ్ళిపోతారు. ఎవరిది ఆ కేబిన్?"

"దాని స్నేహితురాలిదెవరిదో. పేరు తెలీదు. నేను అడగను, దానికి నచ్చదు."

"ఏ చెరువు? చెరువు పేరైనా చెప్పిందా?"

"చెప్పింది." అర్లిస్ గారి మొహం ఒక్కసారి వెలిగింది. "లాంగ్ లేక్ అంది."

ఆ వెలుగు ఆరిపోవడం కూడా చూశాను. ఇద్దరం ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళమే, ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు. మా రాష్ట్రంలో ఆ పేరుతో వందకి పైగా చెరువులున్నాయి.